తొమ్మిది వందల మాత్రలు

ఏడో తరగతి పిల్లలకు సుమతీ శతకం చెబుతూ బోర్డు వైపు తిరిగాను. కుడి పిర్ర లోపల మొదలై, తొడ వెనకగా, పిక్క మీదుగా మడమ దాకా నరం సర్రున లాగింది. చేతిలో సుద్దముక్క జారిపోయింది. ఇరవై ఏడేళ్లుగా నిలబడే పాఠం చెబుతున్నదాన్ని, ఆ రోజు మొదటిసారి పిల్లల ముందు కుర్చీలో కూలబడ్డాను.

స్కానింగులో నడుము కింది నాలుగు, ఐదు పూసల మధ్య డిస్కు ఉబ్బి నరాన్ని ఒత్తుతోందని తేలింది. ఎముకల డాక్టరుగారు సయాటికా అన్నారు. కాలి బలం తగ్గలేదు, తిమ్మిరి పెరగడం లేదు, కాబట్టి ఆపరేషనుకు తొందర లేదు, మాత్రలు వాడుతూ ఫిజియోథెరపీ చేయించుకోమన్నారు. చేయించుకున్నాను. తగ్గేది, మళ్లీ వచ్చేది. రెండేళ్లు అలాగే గడిచాయి. మాత్ర వేసుకుంటే తప్ప బడికి వెళ్లలేను, వేసుకుంటే కడుపులో మంట.

ఆ రోజుల్లోనే ఒక పొరపాటు చేశాను. పక్క ఊళ్లో ‘కేరళ ఆయుర్వేద మసాజ్’ అని బోర్డు చూసి లోపలికి వెళ్లాను. మధ్యాహ్నం భోజనం చేసి గంట కూడా కాలేదు. ఏం తిన్నావని గానీ, జబ్బేమిటని గానీ, స్కానింగు కాగితాలున్నాయా అని గానీ ఎవరూ అడగలేదు. డబ్బు కట్టించుకుని బల్ల మీద పడుకోబెట్టారు. ఒకమ్మాయి బొటనవేళ్లతో నడుము మీద బలం కొద్దీ నొక్కింది. "నొప్పి పుడుతోందమ్మా" అంటే, "నొప్పి పుడితేనే పని చేస్తున్నట్టు మేడమ్" అంది. ఆ రాత్రి కాలు కింద పెట్టలేకపోయాను. వారం రోజులు సెలవు. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు, ఆమెకు నేర్పినది అంతే. ఏ ప్రశ్నా అడగకుండా మనిషి ఒంటి మీద చెయ్యి వేయనిచ్చిన ఆ యజమాని మీద మాత్రం ఇప్పటికీ కోపం ఉంది.

అందుకే మా స్కూల్లో లెక్కల మేడమ్ గారు కేరళలో తమ ఆడపడుచు చికిత్స చేయించుకున్న వైద్యశాల గురించి చెప్పినప్పుడు వెంటనే ఊఁ అనలేదు. ముందు ఎముకల డాక్టరుగారిని అడిగాను. "చదువుకున్న వైద్యుల దగ్గరైతే వెళ్లండి, నడుమును మాత్రం ఎవరినీ విరవనివ్వకండి. కాలు బలహీనపడినా, మూత్రం మీద పట్టు తప్పినా ఒక్క రోజు కూడా ఆగకుండా నా దగ్గరికి రావాలి" అన్నారు. జూలై నెలాఖరులో తెనాలిలో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పాలక్కాడులో దిగాను.

దిగేసరికి వాన. మలయాళీలకు అది కర్కిడక మాసం, జూలై నడుమ నుంచి ఆగస్టు నడుమ దాకా ఉంటుంది. పూర్వం పొలం పని ఉండేది కాదు, ఇంట్లో గింజలు నిండుకునేవి, జబ్బులు వచ్చేవి. ఆ నెలలో ఔషధాలు వేసి కాచిన గంజి తాగడం, నూనె చికిత్సలు చేయించుకోవడం వాళ్లకు తరతరాల అలవాటు. వానాకాలంలో వాతం ప్రకోపిస్తుందని ఆయుర్వేదం మాట. కొట్టక్కల్‌లో పి.ఎస్. వారియర్ గారు 1902లో ఆర్యవైద్యశాల పెట్టి కషాయాలు, తైలాలు సిద్ధంగా సీసాల్లో దొరికేలా చేసిన తరువాత ఈ చికిత్సలకు బయటి రాష్ట్రాల నుంచి రావడం బాగా పెరిగిందట. నేను వెళ్లినది అంత పెద్దది కాదు. పన్నెండు గదుల పెంకుటిల్లు, వెనక మందు చెట్ల తోట.

వైద్యురాలు నాకంటే చిన్నది. ముప్పావు గంట సేపు ప్రశ్నలే. ఆకలి ఎప్పుడు వేస్తుంది, నిద్రలో ఎన్నిసార్లు లేస్తారు, విరేచనం రోజూ అవుతుందా, చలికి నొప్పి పెరుగుతుందా, కూర్చుంటే ఎక్కువా నిలబడితే ఎక్కువా. నాలుక చూసింది, నాడి చూసింది. వెల్లకిలా పడుకోబెట్టి కాలు నిటారుగా లేపి ఎక్కడ లాగుతుందో చూసింది. స్కానింగు ఫిల్మును కిటికీ వెలుతురులో పట్టుకుని చదివింది. చివరికి, "మా పుస్తకాల్లో దీన్ని గృధ్రసి అంటారు" అంది.

గృధ్రమంటే రాబందు. ఈ నొప్పితో నడిచే మనిషి నడక నేల మీద రాబందు నడకలా ఉంటుందని ఆ పేరు. ఆ సాయంత్రం వరండాలో నాలాంటి మరో ఆమె నడిచి వస్తుంటే చూశాను. ఒక కాలు ఈడుస్తూ, నడుము ఒక పక్కకు ఒరిగి, మెడ ముందుకు చాచి. ఎన్ని వందల ఏళ్ల కిందటో ఎవరో ఒక వైద్యుడు రోగి నడకను ఇంత శ్రద్ధగా చూసి పేరు పెట్టాడే అనిపించింది. ఆ ఒక్క మాటతో ఆ శాస్త్రం మీద నాకు గౌరవం కలిగింది.

మర్నాడు నూనె పోస్తారని సిద్ధపడి వెళ్లాను. పోయలేదు. మొదటి మూడు రోజులూ పొడిక్కిళి. కిళి అంటే మూట. ఉలవలు మొదలైన వాటి చూర్ణాన్ని గుడ్డలో మూటగట్టి, పెనం మీద వేడి చేసి, ఒళ్లంతా అద్దుతూ పోయారు. నూనె చుక్క లేదు. "నాలుక మీద పూత ఉంది, ఆకలి మందంగా ఉంది. ఒంట్లో ఆమం ఉన్నప్పుడు నూనె పోస్తే జబ్బు కదలదు, ఇంకా బిగుసుకుంటుంది" అని వైద్యురాలు చెప్పింది. ఆమమంటే అరగక మిగిలిపోయినది. రోజూ అభ్యంగం, అంటే ఒంటికి నూనె పట్టించుకోవడం, చేయమన్న పూర్వకాలపు వైద్యుడు వాగ్భటుడే, తన అష్టాంగహృదయంలో అదే చోట, కఫం పట్టి ఉన్నవాళ్లు, అజీర్ణంతో ఉన్నవాళ్లు, అప్పుడే వాంతి, విరేచనాల వంటి శోధన చేయించుకున్నవాళ్లు అభ్యంగం చేసుకోకూడదన్నాడు. భోజనం చేసి గంట కాకుండా నాకు నూనె రుద్దిన ఆ బల్ల గుర్తొచ్చింది.

మనకు ఈ మాట కొత్త కాదు. జలుబు చేసిన పిల్లకు తలంటు పొయ్యొద్దని మా అమ్మమ్మ పండగపూట కూడా ఆపేసేది. కారణం చెప్పడం ఆమెకు రాదు, ఆపడం వచ్చు.

నాలుగో రోజు నుంచి ఇలక్కిళి. ‘ఇల’ అంటే ఆకు. పొద్దున్నే చికిత్స గది వెనక అరుగు మీద ఇద్దరు ఆకులు తరుగుతుంటే వెళ్లి కూర్చునేదాన్ని. ఆముదపాకు, వావిలాకు, జిల్లేడాకు, మునగాకు, చింతాకు. వాటిని సన్నగా తరిగి, ఇనప మూకుడులో నూనె కాచి, ముందు చక్రాల్లా కోసిన నిమ్మకాయ ముక్కలు వేసేవాళ్లు. అవి చిటపటలాడి అంచులు ఎర్రబడ్డాక కొబ్బరి కోరు, ఆ తరువాత ఆకులు, చివర సైంధవ లవణం. కొబ్బరి వేగిన కమ్మదనం, దాని వెనకే వావిలాకు ఘాటు. మా చెల్లెలు బాలింతగా ఉన్నప్పుడు ఇంట్లో వావిలాకు వేసి కాచిన నీళ్ల వాసన అచ్చం అదే. ఆకు అదే, నొప్పి అదే, మనం నీళ్లలో వేశాం, వాళ్లు నూనెలో వేయించి మూట కట్టారు. ఆముదపు చెట్టును గంధర్వహస్తమంటారని ఇక్కడే తెలిసింది. దాని ఆకు వేళ్లు చాపిన చెయ్యిలా ఉంటుందిగా మరి.

చికిత్స చేసేది ఇద్దరు ఆడవాళ్లు. ఆడవాళ్లకు ఆడవాళ్లే, మగవాళ్లకు మగవాళ్లే. పెద్దావిడను నేను చేచి అని పిలిచేదాన్ని, అంటే అక్క. నన్ను ఆమె టీచర్ అనేది, అక్కడ పంతులమ్మలందరికీ అదే పిలుపు. పడుకోబెట్టేది ద్రోణి మీద. అంచులు కట్టిన, చాలా బరువైన చెక్క బల్ల, నూనె ఒక మూలకు జారి గిన్నెలో పడేలా కాలువ ఉంటుంది. ఎన్నేళ్లుగా నూనె తాగిందో, నల్లగా, వెచ్చగా, మెత్తగా అనిపించేది. ముందు చేచి కళ్లు మూసుకుని ఏదో అనుకుని, నా మాడు మీద గోరువెచ్చటి నూనె పెట్టేది. ఆ తరువాత మూటను తన అరచేతి వెనక అద్ది చూసుకుని, "చూడుండో టీచరే?" అనేది. మొదటి రోజు చూడమంటోందేమోనని కళ్లు తెరిచాను. వాళ్ల భాషలో చూడు అంటే వేడి. ఎక్కువ వేడిగా ఉందా అని అడుగుతోంది. మూట మార్చిన ప్రతిసారీ, ఒక్కసారి కూడా మరవకుండా, తన చేతి మీద పెట్టి చూసుకుని, నన్ను అడిగి, అప్పుడే నా ఒంటి మీద పెట్టింది. పదహారు రోజుల చికిత్సలో చివరిదాకా అంతే.

మర్దనకు సహచరాది తైలం, ధన్వంతర తైలం కలిపి వాడారు. కూర్చోబెట్టి, వెల్లకిలా, ఎడమ పక్కకు, కుడి పక్కకు, బోర్లా, ఇలా తిప్పుతూ ఇద్దరూ రెండు పక్కలా ఒకే లయలో చేతులు ఆడించేవాళ్లు. కీళ్ల దగ్గర గుండ్రంగా, ఎముక పొడుగునా నిలువుగా. నొక్కడం అసలు లేదు. ఇంత మెత్తగా చేస్తే ఏమవుతుందని, మర్దన మొదలైన రెండో రోజు వైద్యురాలిని అడిగాను. ఆమె చెప్పిన మాటే నన్ను ఇది రాయించింది.

వాతం గుణాలు ఏమిటి? ఎండిపోయినది, తేలికైనది, చల్లనిది, గరుకైనది, కదిలేది. నువ్వుల నూనె దానికి సరిగ్గా ఎదురు: జిడ్డు, బరువు, వేడి. స్పర్శ వాయువుది, స్పర్శ ఉండే చోటు చర్మం, అందుకని వాతాన్ని చర్మం దగ్గరే పట్టుకోవాలి అంటాడు చరకుడు. నూనె పట్టిన కుండ, నూనె పట్టించిన తోలు, కందెన వేసిన బండి ఇరుసు ఎలా గట్టిపడి కష్టానికి ఓరుస్తాయో, అభ్యంగంతో ఒళ్లు అలా అవుతుందని కూడా ఆయనే అన్నాడు. మా నాన్న వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంతో కలిపి ఇరుసుకు కందెన పెట్టడం నేను చూశాను. ఇరుసును ఎవరూ సుత్తితో కొట్టరు. పట్టించి, తిప్పి, మళ్లీ పట్టిస్తారు.

ఎంతసేపు పట్టించాలి? దానికీ లెక్క ఉంది. సుశ్రుత సంహితకు వ్యాఖ్య రాసిన డల్హణుడు చెప్పాడట. 300 మాత్రల కాలం మర్దన చేస్తే నూనె వెంట్రుకల కుదుళ్లను చేరుతుంది. 400కు చర్మాన్ని, 500కు రక్తాన్ని, 600కు మాంసాన్ని, 700కు మేదస్సును, అంటే కొవ్వును, 800కు ఎముకను, 900కు ఎముక లోపలి మజ్జను. వినగానే లేచి కూర్చున్నాను. రెండేళ్లుగా మాత్ర అంటే నాకు నీళ్లతో మింగేది. అసలు నా వృత్తిలో మాత్ర అంటే లఘువు పలికేంత సేపు. గురువుకు రెండు మాత్రలు, లఘువుకు ఒకటి. ఇరవై ఏడేళ్లుగా పిల్లలతో అవే గీతలు గీయిస్తున్నాను.

మర్నాడు చేచి నా నడుము కింది భాగంలో చెయ్యి వేయగానే మనసులో కంద పద్యాలు మొదలుపెట్టాను. కందంలో నాలుగు మాత్రల గణాలు పదహారు, మొత్తం 64 మాత్రలు. పద్నాలుగు కందాలు చదివితే 896. ‘అక్కరకు రాని చుట్టము’తో మొదలుపెట్టి, సుమతీ శతకంలో నోటికి వచ్చిన వరస ప్రకారం, తొందరపడకుండా చదువుకుంటూ పోయాను. పద్నాలుగో పద్యం ముగిసేసరికి చేచి చెయ్యి నడుము మీంచి తొడ మీదికి జరిగింది. ఆమెకు నా పద్యాలు తెలియవు, నాకు ఆమె లెక్క తెలియదు. గోడ మీద గడియారం లేదు. చేతి అలవాటులోనే ఆ కాలం ఉంది. ఆ తరువాత రోజుల్లో కూడా ఒక పద్యం అటూ ఇటూగా అంతే వచ్చింది.

నూనె నిజంగా మజ్జ దాకా ఇంకుతుందని నేను అనను, ఈనాటి శరీరశాస్త్రం దాన్ని ఒప్పుకోదు. కానీ ఒక్కొక్క చోట దగ్గర దగ్గర ఐదు నిమిషాలు ఓపికగా చెయ్యి ఉంచాలని, లోతుకు చేరడమనేది బలంతో కాదు, సమయంతో జరుగుతుందని ఆ లెక్క చెబుతోంది. దాన్ని నా నడుము ఒప్పుకుంది.

తొమ్మిదో రోజు నా వల్ల ఒక తప్పు జరిగింది. రోజూ గంజి, పెసలు, ఉడికించిన కూరలు తిని తిని నాలుక చచ్చిపోయి, సాయంత్రం వీధి చివర హోటల్లో పరోటా, కూర తిన్నాను. పొద్దున కడుపు ఉబ్బరం, తల బరువు. చికిత్స ముందు రోజూ అడిగే ప్రశ్నే చేచి అడిగింది, ఆకలి వేసిందా అని. వేసిందన్నాను. ఆమె నా మొహం చూసి, ద్రోణి మీద పరిచిన గుడ్డ తీసేసి, వైద్యురాలిని పిలుచుకొచ్చింది. ఆ రోజు చికిత్స లేదు, కషాయం, పల్చటి గంజి అంతే. ఒక్క మాట తిట్టలేదు. ఒక రోజు డబ్బులు పోయాయని బాధపడలేదు నేను. అబద్ధం చెప్పానని సిగ్గుపడి, మధ్యాహ్నం వెళ్లి చేచికి చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "సారమిల్ల" అంది. పరవాలేదని అర్థం.

మిగతా చికిత్సలు క్లుప్తంగా చెబుతాను. కటి వస్తి అంటే మినప్పిండి తడిపి నడుము మీద గట్టులా కట్టి, లోపల వెచ్చటి తైలం నింపి, చల్లారినప్పుడల్లా మార్చుతూ అరగంట పైగా ఉంచడం. నాకు అన్నిటికంటే హాయి అందులోనే దొరికింది. ఒక రోజు ఆముదంతో విరేచనం. ఆ తరువాత వస్తి కర్మ, అంటే ఎనీమా, ఒక రోజు నూనెతో, ఒక రోజు కషాయంతో. దీని గురించి మనవాళ్లు మాట్లాడడానికి మొహమాటపడతారు గానీ వాతానికి అసలు మందు ఇదే అంటారు వైద్యులు. చరకుడు చెప్పిన పంచకర్మల్లో వమనం (వాంతి చేయించడం), విరేచనం, రెండు రకాల వస్తులు, నస్యం (ముక్కులో మందు వేయడం) ఉన్నాయి, మర్దన లేదు. నూనె పట్టించడం, చెమట పట్టించడం వాటికి ముందు చేసే సన్నాహం. కషాయ వస్తి కలిపే తీరు నేను అడిగి చూశాను. ముందు తేనె, అందులో సైంధవ లవణం నూరి, తరువాత తైలం చుక్క చుక్కగా, తరువాత నూరిన మందుల ముద్ద, చివర కషాయం. వరస తప్పితే విరిగిపోతుంది. మా అమ్మ మజ్జిగపులుసు కలిపేటప్పుడు చూపే జాగ్రత్తే ఆ నర్సు చేతిలోనూ కనిపించింది. చివరి మూడు రోజులు నుదుటి మీద ధార పోశారు. దాని ఫొటోలు చూసే చాలామంది కేరళ వెళతారు. నాకు మంచి నిద్ర పట్టింది, అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు.

రోజూ చికిత్స అయ్యాక పెసరపిండితో జిడ్డు వదిలించి, వేన్నీళ్ల స్నానం, తల తుడవగానే మాడు మీద చిటికెడు రాస్నాది చూర్ణం. పగటి నిద్ర లేదు. గట్టిగా మాట్లాడడం, చల్లగాలిలో తిరగడం, రాత్రి మేలుకోవడం వద్దు. ఇంటికి వచ్చాక మరో పదహారు రోజులు అదే పథ్యం. ఇది కష్టమైన భాగం. సెలవు పొడిగించుకోవాల్సి వచ్చింది, చుట్టాల పెళ్లి ఒకటి మానుకున్నాను. గది, భోజనం, మందులు, చికిత్స అన్నీ కలిపి అరవై రెండు వేలు అయింది. ఉద్యోగస్తురాలిని కాబట్టి పెట్టగలిగాను. మనకు విజయవాడలో నోరి రామశాస్త్రి గారి పేరుతో, హైదరాబాదు ఎర్రగడ్డలో బి.ఆర్.కె.ఆర్. పేరుతో ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలలున్నాయి. అంత దూరం వెళ్లే ముందు వాటి ఆసుపత్రుల్లో అడిగి ఉండాల్సింది.

ఇప్పటికి పది నెలలైంది. డిస్కు ఉబ్బు అలాగే ఉంది, ఉంటుందని వైద్యురాలు ముందే చెప్పింది. కాలు లాగడం ఆగిపోయింది. నడుము నొప్పి చలికాలంలో రెండు సార్లు వచ్చింది. నొప్పి మాత్రలు నెలకు ఒకటో రెండో. ఫిజియోథెరపీ వ్యాయామాలు మానలేదు, అందువల్ల ఎంత తగ్గిందో, నూనె వల్ల ఎంత తగ్గిందో విడదీసి చెప్పలేను. రెండు పీరియడ్లు వరసగా నిలబడి చెబుతున్నాను.

ఆదివారం పూట అమ్మ మోకాళ్లకు నూనె పెడుతున్నాను. ఎనభై దాటింది, వేన్నీళ్లు, సున్నిపిండి సిద్ధం చేసుకుని పీట మీద కూర్చుంటుంది. తలకు పెట్టే ముందు ఏడు చుక్కలు నేల మీద వేయించి, అశ్వత్థామ మొదలుకొని చిరంజీవుల పేర్లు ఆమే చెబుతుంది. నేను గిన్నెలో నూనె అరచేతి వెనక వేసి చూసుకుని, "వేడిగా ఉందా అమ్మా?" అని అడిగి, మోకాలి చిప్ప చుట్టూ మెల్లగా తిప్పడం మొదలుపెడతాను. మొదట్లో పద్యాలు మనసులోనే చదువుకునేదాన్ని. పెదవులు కదలడం చూసి ఏమిటని అడిగింది, లెక్క చెప్పాను. అప్పటి నుంచి పద్యం ఆమే పైకి చదువుతోంది. పోయిన ఆదివారం పద్నాలుగు పూర్తయి నేను రెండో మోకాలికి చెయ్యి మారుస్తుంటే, "ఆగవే, ఒకటి మధ్యలో వదిలేశాను" అని మళ్లీ వెనక్కి వెళ్లింది.